పుర్రచేతికి నిమ్మకాయ పరీక్ష

ఒకానొక రాజ్యంలో, మణిమేడ దాని పేరు, ఉద్దండభూపతి అని ఒక రాజుగారు ఉండేవారు. నిజానికి ఈ కథ ఆయనది కాదు, ఆయనకు తాంబూలం చుట్టి ఇచ్చే నూకాలుది. కానీ రాజుగారి పేరు ముందు చెప్పకపోతే మర్యాదగా ఉండదు గనక చెప్పాను.

రాజుగారు మంచివారే. ఒట్టు, మంచివారే! కాకపోతే తాను ఎలా చేస్తే లోకమంతా అలాగే చెయ్యాలనే జబ్బు ఒకటి ఉండేది. ఆయనకు వంకాయ గిట్టదు గనక కోటలో ఎవరి పొయ్యి మీదా వంకాయ ఉడక్కూడదు. ఆయన తెల్లవారుజామునే లేస్తారు గనక కోళ్లకంటే ముందు ఊరంతా లేవాలి. గుత్తివంకాయ లేకుండా ఆ జనం ఎలా బతికారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక నూకాలు. ఆమెది పుర్రచెయ్యి, అంటే ఎడమచేతి వాటం. నాదీ అదే. అందుకే ఈ కథ పట్టుబట్టి నేనే చెబుతున్నాను. కుడిచేతివాళ్లు చెబితే అసలు సంగతి సగం మింగేస్తారు.

పుర్రచేతివాళ్ల పాట్లు మీకేం తెలుసు లెండి! భోజనాల బంతిలో కూచున్నామా, అందరూ కుడిచేత్తో అన్నం కలుపుతుంటే మనకు ఎడమచెయ్యి ముందు దూకుతుంది. దాని మీద అమ్మ గరిటెతో ఒక్కటి వేస్తుంది. తిరగలి దగ్గర కూచుంటే ఎదుటావిడ ఒకవైపు తిప్పుతుంది, మనం రెండోవైపు లాగుతాం. పిండి రాలదు గానీ తిట్లు రాలతాయి. ఎవరికైనా పండో కాయో అందించబోతే "ఏ చేత్తో ఇస్తున్నావ్?" అని గద్దింపు. పండు ఎలా ఉందని మాత్రం ఒక్కరూ అడగరు!

నూకాలుకు వాళ్ల అమ్మమ్మ చిన్నప్పుడే ఒక ఉపాయం నేర్పింది. "చుట్టడం నీ ఎడమచేత్తో చుట్టుకో, ఇవ్వడం మాత్రం కుడిచేత్తో ఇవ్వు," అంది. నూకాలు ఇరవై ఏళ్లపాటు అలాగే నెట్టుకొచ్చింది. ఆకు ఈనె తీసి, ఎడమచేతి చూపుడువేలితో సున్నం రాసిందంటే రవ్వంత ఎక్కువా కాదు, రవ్వంత తక్కువా కాదు. రాజుగారి నోరు దానిమ్మగింజలా పండేది. ఆ పండిన నోటితోనే ఆయన తన గొప్పలు చెప్పుకునేవారు.

ఒకరోజు పొరుగు రాజ్యం నుంచి రాయబారి వచ్చాడు. నిండు కొలువు. నూకాలు వెండిపళ్లెం కుడిచేత్తో పట్టుకుని ఆయన ముందుకు వెళ్లింది. పళ్లెం పక్కకు ఒరిగింది. పడిపోతుందేమోనని దాన్ని గట్టిగా పట్టుకుని, ఆ కంగారులో ఎడమచేత్తో తాంబూలం తీసి రాయబారికి అందించింది.

కొలువంతా నోరు వెళ్లబెట్టింది. పాపం ఆ రాయబారి పెద్దమనిషి, పట్టించుకోకుండా పుచ్చుకుని నోట్లో వేసుకుని, "ఆహా!" అని కళ్లు కూడా మూసుకున్నాడు. కానీ రాజుగారి మొహం మాత్రం ఎర్రగా కందిపోయింది.

రాయబారి అటు వెళ్లాడో లేదో, ఆస్థాన పండితుడు సకలేశ్వర శాస్త్రులు లేచాడు. ఆయనకు తెలియని విషయం లేదు. ఉన్నా ఆయన ఒప్పుకోడు.

"ప్రభూ! పుర్రచేతివాళ్లు కోటలో ఉండటం అరిష్టం. నిరుడు వానలు ఆలస్యమయ్యాయి. పట్టపుటేనుగుకు అజీర్తి చేసింది. తమకు పంటినొప్పి వచ్చింది. అన్నిటికీ ఇదే కారణం."

"పంటినొప్పికి కూడానా?"

"ముఖ్యంగా పంటినొప్పికి ప్రభూ!"

రాజుగారు సింహాసనం మీద గుద్ది లేచారు. "దండోరా వెయ్యండి! పుర్రచేతివాళ్లంతా వచ్చే శుక్రవారం లోపల మన రాజ్యం పొలిమేర దాటిపోవాలి. వాళ్లకు ఎవరైనా ఇంట్లో చోటిస్తే, ఆ చోటిచ్చినవాళ్లు కూడా వెంట పోవాలి!"

"మరి ఎవరిది పుర్రచెయ్యో ఎలా తెలుస్తుంది ప్రభూ?" అన్నాడు సేనాపతి. "అడిగితే నిజం చెబుతారా?"

శాస్త్రులు చిటికె వేశాడు. "చెప్పాపెట్టకుండా మీదకు ఒక నిమ్మకాయ విసరండి. ఏ చేత్తో పట్టుకుంటే అదే వాడి చెయ్యి. ఆ క్షణంలో బ్రహ్మదేవుడు కూడా అబద్ధం ఆడలేడు."

ఇంకేం, కోటగుమ్మం దగ్గర ఇద్దరు భటులు నిమ్మకాయల బుట్టతో నిలబడ్డారు. వచ్చేవాడి మీద ఒకటి, పోయేవాడి మీద ఒకటి. నాలుగు రోజుల్లో ముప్పైమంది దొరికారు. ఇద్దరు వంటవాళ్లు, ఒక డోలు వాయించేవాడు, ఒక కంసాలి, ఆఖరికి సేనాపతిగారి బావమరిది! భయపడి కొందరు ఎడమచెయ్యి నడుముగుడ్డలో దోపుకుని తిరిగారు. ఒకాయన నిమ్మకాయను ఏ చేత్తోనూ పట్టుకోకుండా ముక్కుతో ఆపి, వారం రోజులు ముక్కుకు పసుపు పట్టు వేసుకున్నాడు. వంటశాలలో పులిహోరకు ఒక్క నిమ్మకాయ మిగిలితే ఒట్టు.

నూకాలుకు పరీక్ష అక్కర్లేదు గదా, కొలువంతా కళ్లారా చూసింది.

ఆ కొలువులో గుండన అని ఒక ఉద్యోగి ఉండేవాడు. ఆయన ఉద్యోగం ఏమిటంటే చెప్పడం కష్టం. రాజుగారికి కోపం వస్తే నవ్వించాలి, నవ్వు ఎక్కువైతే ఆపాలి. మిగతా సమయంలో ఊరికే కూచోవాలి. బుధవారం పొద్దున్నే నూకాలు ఆయన అరుగు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏం నూకాలూ, మూటలు కట్టేశావా?"

"కట్టాను బాబూ. కట్టి చూసుకుంటే ముళ్లన్నీ ఎడమచేత్తోనే వేశాను. అది చూసి ఏడుపొచ్చింది." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మా ఆయనది కుడిచెయ్యి. పట్టపుటేనుగు మావటి గదా, ఆయన తన చేత్తో ముద్ద పెడితే గానీ అది తినదు. వదిలి రాలేడు, రానివ్వరు. పెద్దపిల్లది తండ్రి చెయ్యి. చిన్నదానిది నా చెయ్యి. మూడేళ్ల పసిది బాబూ! నిన్న దాని మీద కూడా నిమ్మకాయ విసిరారు. ఎడమచేత్తో పట్టుకుని చప్పట్లు కొట్టింది, గెలిచాననుకుని. ఎల్లుండి పొద్దున్న నేనూ అదీ అటు, వాళ్లిద్దరూ ఇటు. నా కొంప రెండు ముక్కలైపోయింది."

గుండన నవ్వబోయినవాడు నవ్వలేకపోయాడు.

"మూటలు అలాగే ఉంచు గానీ ఎత్తకు," అన్నాడు. "నేను వెళ్లి రాజుగారిని చూసొస్తాను."

"నాకోసం మీరు మాట పడొద్దు బాబూ."

"నా ఉద్యోగమే అది గదమ్మా," అని ఉత్తరీయం దులుపుకుని బయల్దేరాడు.

ఆ వేళకు రాజుగారు అలంకార మందిరంలో ఉన్నారు. ఆయనకు బారెడు మీసం. రోజూ గంటసేపు నిలువుటద్దం ముందు నిలబడి దాన్ని దువ్వి, మెలేసి, వెనక్కి జరిగి చూసుకుని, మళ్లీ ముందుకొచ్చి మెలేసేవారు. ఆ గంటలో రాజ్యం తగలబడుతోందన్నా ఆగమనేవారు.

"ప్రభూ, ఆ నూకాలు..." అని మొదలెట్టాడు గుండన.

"ఆ పేరెత్తకు! నా శాసనం శాసనమే." రాజుగారు కుడిమీసం పైకి తిప్పారు. "తప్పించమని అడిగితే నువ్వూ ఆమె వెనకే నడవాల్సి వస్తుంది."

"అబ్బే, తప్పించమని ఎందుకడుగుతాను ప్రభూ? గట్టిగా అమలు చెయ్యమని అడగడానికి వచ్చాను. పేదవాళ్లనైతే పంపేస్తున్నారు. గొప్పవాళ్లలో ఎవరైనా పుర్రచేతివాడు దొరికితే?"

"వాడూ పోవలసిందే!"

"తమ కుటుంబంలోని వాడైతే?"

"అయితే ఏం?"

"నెత్తిన కిరీటం ఉన్నవాడైతే?"

"కిరీటం ఉన్నా సరే, కొమ్ములున్నా సరే! ఇది ఉద్దండభూపతి మాట!" అని రాజుగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

గుండన అద్దం వంక ఒకసారి చూశాడు. అంతే, వంగి దండం పెట్టి, వచ్చే నవ్వును పంటికింద నొక్కిపెట్టుకుంటూ బయటికొచ్చాడు.

గురువారం నిండు కొలువులో గుండన లేచి నిలబడ్డాడు.

"మహాప్రభో, ఒక ఫిర్యాదు. తమ సొంత మందిరంలో ఒక పుర్రచేతివాడు దాక్కుని ఉన్నాడు. ఇవాళా నిన్నా కాదు, ఎన్నో ఏళ్లుగా!"

"నా మందిరంలోనా!" రాజుగారి కేక విని పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి.

"అవును ప్రభూ. పట్టుబట్టలు కడతాడు. కిరీటం పెడతాడు. మీసం మెలేస్తాడు, అదీ ఎడమచేత్తోనే. అందరూ కత్తి ఎడమవైపు కట్టుకుంటే వాడు కుడివైపు కట్టుకుంటాడు. ఎడమచేత్తో లాగడానికి వీలుగా."

"ఎంత పొగరు! ఎక్కడున్నాడు? చూపించు!"

"చూపిస్తాను. కానీ రేపు నేనేదో కల్పించానని ఎవరూ అనకూడదు. కొలువు పెద్దలంతా రావాలి. శాస్త్రులవారు తప్పకుండా రావాలి. పరీక్ష ఆయనదే గదా!"

రాజుగారు కత్తి దూసి ముందు నడిచారు. వెనక సేనాపతి, ఆ వెనక శాస్త్రులు, ఆ వెనక కొలువు కొలువంతా. అలంకార మందిరంలో ఒక మూల తెర దించి ఉంది.

"ఆ తెర వెనకే ఉన్నాడు ప్రభూ," గుండన గొంతు తగ్గించి అన్నాడు. "కత్తి ఒరలో పెట్టండి, వాడి దగ్గరా కత్తి ఉంది. పరీక్ష లేకుండా శిక్ష వేశారన్న మాట తమకెందుకు? ఇదిగో నిమ్మకాయ. తమరు పైకి ఎగరేసి పట్టుకోండి. తమరు ఏం చేస్తే అది చెయ్యడం వాడికి అలవాటు. వాడు ఏ చేత్తో పట్టుకుంటాడో శాస్త్రులవారు చూసి చెబుతారు."

రాజుగారు కత్తి ఒరలో పెట్టి, నిమ్మకాయ కుడిచేతిలోకి తీసుకున్నారు. గుండన సర్రున తెర లాగాడు.

ఎదురుగా నిలువుటద్దం! అందులో కిరీటంతో, బారెడు మీసంతో, చేతిలో నిమ్మకాయతో ఒక రాజుగారు.

"ఇది నేనే గదయ్యా!" అన్నారు ఉద్దండభూపతి.

"ముందు పరీక్ష కానివ్వండి ప్రభూ. మాట తరవాత."

రాజుగారు విసుగ్గా నిమ్మకాయను ఎగరేసి కుడిచేత్తో పట్టుకున్నారు.

"శాస్త్రులవారూ! ఎదురుగా ఉన్న ఆ మహారాజు ఏ చేత్తో పట్టుకున్నాడు?"

శాస్త్రులు అద్దంలోకి చూశాడు. తన చేతులు రెండూ చూసుకున్నాడు. మళ్లీ అద్దంలోకి చూశాడు.

"గట్టిగా చెప్పండి స్వామీ, వెనకవాళ్లకు వినబడాలి."

"ఎ... ఎడమచేత్తో," అని నీళ్లు నమిలాడు శాస్త్రులు.

కొలువులో గుసగుసలు బయల్దేరాయి. రాజుగారికి రోషం వచ్చింది. "ఉండండి! వాడిచేత కుడిచేత్తోనే పట్టిస్తాను!" అని నిమ్మకాయను ఎడమచేతిలోకి మార్చి ఎగరేసి పట్టుకున్నారు. అద్దంలోని రాజు చక్కగా కుడిచేత్తో పట్టుకున్నాడు.

"చూశారా!" అని రాజుగారు గర్వంగా వెనక్కి తిరిగారు.

"చూశాం ప్రభూ," అన్నాడు గుండన చేతులు కట్టుకుని. "ఆయన కుడిచేత్తో పట్టాడు. మరి తమరు?"

రాజుగారు తన ఎడమచేతిలోని నిమ్మకాయను చూసుకున్నారు. అది వేడినిప్పు అయినట్టు గబుక్కున వదిలేశారు.

"ప్రభూ, ఇది నీడ! ఉత్త ప్రతిబింబం! మనిషి లెక్కలోకి రాదు," అని శాస్త్రులు అడ్డం వచ్చాడు.

"అలాగా స్వామీ? మరి రోజూ గంటసేపు ప్రభువులు ఎవరి మీసం చూసి మురుస్తున్నారు? మీసం దగ్గర తమదేనని ఒప్పుకుని, చెయ్యి దగ్గరికొచ్చేసరికి నాది కాదంటే ఎలా?" గుండన రాజుగారి వైపు తిరిగాడు. "ఇద్దరిలో ఒకరిది ఎప్పుడూ పుర్రచెయ్యే ప్రభూ. తమది కుడి అయితే ఆయనది ఎడమ. ఆయనది కుడి అయితే తమది ఎడమ. కిరీటం ఉన్నా వదలనని మాట ఇచ్చారు. చోటిచ్చినవాళ్లు కూడా వెంట పోవాలని దండోరా వేయించారు. రేపే శుక్రవారం. తమరిద్దరిలో ముందు ఎవరు బయల్దేరుతున్నారు?"

సేనాపతి నేల చూపులు చూశాడు. నూకాలు ఎక్కడో స్తంభం వెనక నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంత మాట అన్నాక గుండన తల ఉంటుందా అని ఆమె భయం.

రాజుగారు అద్దంలోకి చూశారు. అద్దంలోని రాజు ఈయన్ని చూశాడు. ఒకరి మీసం ఒకరు చూసుకున్నారు. ముందు కుడిమీసం అదిరింది, తరవాత ఎడమమీసం అదిరింది. ఆపైన రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టారు.

"ఓరి గుండనా! వాణ్ణి చూడవోయ్, వాడూ నవ్వుతున్నాడు! పొలిమేర దాటించబోతుంటే సిగ్గులేకుండా నవ్వుతున్నాడు!"

అప్పుడు గానీ కొలువుకు ఊపిరి ఆడలేదు. అందరూ నవ్వారు. శాస్త్రులు అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నవ్వాడు.

రాజుగారు అక్కడికక్కడే శాసనం రద్దు చేశారు. ముప్పైమందినీ ఎవరి పనిలో వాళ్లను ఉండమన్నారు. భటుల బుట్టలో మిగిలిన నిమ్మకాయలను వంటశాలకు పంపి, వాటితో పులిహోర చేయించి శాస్త్రులవారి చేత ఊరందరికీ వడ్డించమన్నారు. నూకాలు ఇంటికి పరుగెత్తుకెళ్లి మూటలు విప్పింది.

"నీకేం కావాలో కోరుకో గుండనా," అన్నారు రాజుగారు.

"తమ కొలిమి కమ్మరి చేత నూకాలుకు ఒక అడకత్తెర చేయించండి ప్రభూ. ఎడమచేతి వాటానికి."

"ఇంతేనా? వక్కలు కత్తిరించే అడకత్తెరా? ఏ చేతికైనా ఒకటే గదా అది!"

"తమరే చూస్తారు ప్రభూ."

పది రోజులకు కమ్మరి పట్టుకొచ్చాడు. పిడి వంపు, కత్తిరించే అలుగు వాలు అన్నీ తిప్పి చేశాడు. తళతళలాడుతోంది. రాజుగారికి ముచ్చటేసింది. ఏదైనా ముందు తానే చేసి చూపించాలి గదా ఆయనకు!

"ఇటివ్వండి, వక్క ఎలా కత్తిరించాలో నేను చూపిస్తాను," అని కుడిచేత్తో పట్టుకుని నొక్కారు. అలుగు పక్కకు జారింది. ఇంకోసారి నొక్కారు. పిడి అరచేతిలో గుచ్చుకుంది. మూడోసారి పళ్లు బిగించి నొక్కేసరికి వక్క ఎగిరి శాస్త్రులవారి నుదుటికి తగిలింది, రాజుగారి చిటికెనవేలు సందులో పడి నలిగింది.

"అబ్బా! ఎవడ్రా దీన్ని చేసింది? మనిషన్నవాడు దీంతో పని చెయ్యగలడా?" అని అరిచారు వేలు నోట్లో పెట్టుకుని.

కమ్మరి రెండడుగులు వెనక్కి వేశాడు. నూకాలు ఒక్క అడుగు ముందుకు వేసింది.

"తప్పుగా అనుకోకండి ప్రభూ," అంది నెమ్మదిగా. "ఇప్పుడు ఇది తమ చేతికి ఎలా ఉందో, ఆ పాతది ఇరవై ఏళ్లుగా నా చేతికి అలాగే ఉంది."

రాజుగారు వేలు నోట్లోంచి తీసి చూసుకున్నారు. కమిలిపోయి ఉంది.

"ఇరవై ఏళ్లా? అలాంటిదాంతోనేనా నా నోరు పండించావు?"

"అవును ప్రభూ."

"మరి ఒక్కనాడూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు ప్రభూ."

రాజుగారు నలిగిన వేలు మరోసారి చూసుకుని నవ్వారు. ఈసారి నవ్వు చిన్నది, మీసం కూడా కదలలేదు. "ఇంతటి ఉద్దండభూపతిని ఒక వక్క ఓడించిందయ్యా," అన్నారు. మెడలోని పచ్చల హారం తీసి గుండన మెడలో వేశారు. ఉంగరం తీసి నూకాలు పళ్లెంలో పెట్టారు. ఆపైన అడకత్తెరను తన ఉత్తరీయంతో తుడిచి ఆమెకు అందించారు.

నూకాలు అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాచింది.

"ఆ చెయ్యి కాదమ్మా," అన్నారు రాజుగారు.